నోట్లో నీళ్లున్న కన్నప్ప

నాకు నత్తి. ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే రాతలో అది కనబడదు. ఇది చదువుతుంటే నేను గడగడా మాట్లాడే మనిషిలాగే అనిపిస్తాను. ఎదురుగా కూర్చుంటే తెలుస్తుంది. 'క' దగ్గరికి వచ్చేసరికి గొంతు బిగుసుకుపోతుంది, కళ్లు మూసుకుపోతాయి, కుడిచేతి వేళ్లు తొడ మీద టకటకా కొట్టుకుంటాయి. నా పేరు కూడా 'క'తోనే మొదలవుతుంది. మా తాత పేరు పెట్టారు. ఆయనకేం, ఊళ్లో హరికథలు చెప్పేవాడట.

చిన్నప్పుడు అమ్మ వసకొమ్ము అరగదీసి తేనెలో నాకించేది. వస తింటే మాటలొస్తాయంటారు కదా, వసపిట్ట అనే మాటే అలా పుట్టిందట. నాకు మాటలు రాకపోవడమనే సమస్య ఎప్పుడూ లేదు. లోపల బోలెడున్నాయి. గుమ్మం దగ్గర తొక్కిసలాట, అంతే. నాన్న మాత్రం ప్రతిసారీ ఒకటే అనేవాడు: "నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావేంరా?" తిట్టడానికి కాదు, అలవాటు. చుట్టాల ముందు కూడా అదే అలవాటు.

నత్తి ఉన్నవాళ్లకు ఒక విద్య వస్తుంది. ఆగిపోయే మాట నాలుగు మాటల ముందే కనబడుతుంది. వెంటనే దారి మార్చేస్తాం. కాఫీ అనలేక పదేళ్లు టీ తాగాను. నాకు టీ ఇష్టం లేదు. కూరగాయల అంగడిలో కొత్తిమీర కావాలంటే వేలు చూపించి "అది" అనేవాణ్ణి. తిరుపతిలో బస్సెక్కి అందరూ "కాళాస్త్రి" అంటే, నేనొక్కణ్ణే పంచాంగం చదివినట్టు "శ్రీకాళహస్తి" అనేవాణ్ణి. 'శ్రీ' మీదుగా అయితే జారిపోతుంది. కండక్టర్లు నన్ను మహా భక్తుడనుకుని ఉంటారు.

2022లో నాకు 36 ఏళ్లు. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూసేవాణ్ణి. అంకెలకు నత్తి ఉండదు కాబట్టి ఆ పని నాకు సరిపోయింది. ఆ జూన్‌లో ఒక మీటింగులో, నేను "క్యాష్ బ్యాలెన్స్" అనబోయి ఆగిపోతే, పైఅధికారి నా బదులు "క... క... క..." అని అందించాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్లు నవ్వినందుకు ఆ రాత్రి నిద్రపట్టకపోవడం కాదు, నేను నవ్వినందుకు పట్టలేదు.

అమ్మకు నేనేమీ చెప్పలేదు. మా ఆవిడ చెప్పింది. ఆ వారమే అమ్మ రాహుకేతు పూజ అని పట్టుబట్టి కాళహస్తికి బయల్దేరదీసింది. అక్కడున్నది వాయులింగం. గాలే దేవుడు. గర్భగుడిలో దీపం రెపరెపలాడుతుంటుంది. నా బాధంతా ఊపిరి దగ్గరే కాబట్టి, గుడి విషయంలో అమ్మ లెక్క తప్పలేదనే ఒప్పుకోవాలి.

పూజయ్యాక ఎండలో నడుస్తుంటే ఒక సందులో, ఇంటి ముందు తీగ మీద ఆరేసిన కలంకారీ గుడ్డ కనబడింది. రంగులేమీ లేవు, నల్లగీతలే. రాముడు, కోతులు, వారధి. బొమ్మ బొమ్మకీ పైన తెలుగులో రాత. పెడనలో అయితే చెక్క అచ్చులతో అద్దుతారు, ఇక్కడ ప్రతి గీతా చేత్తో గీయాల్సిందే. ఇది పుస్తకాల్లో చదివిన సంగతే. కానీ అరుగు మీద ఒకావిడ కాళ్లు బారజాపి, ఒళ్లో గుడ్డ వేసుకుని, చూపు తిప్పకుండా ఒక ఏనుగు తొండాన్ని మొదలు నుంచి చివరిదాకా ఒక్క గీతలో దించడం చూడటం వేరు. నేను ఎన్ని నిమిషాలు నిలబడ్డానో తెలియదు. ఆవిడ తలెత్తి "నేర్చుకుంటావా?" అనలేదు, "కొంటావా?" అనీ అనలేదు. "ఎండలో ఎందుకు, నీడకు రా నాయనా" అంది.

ఆ అరుగు మీద ఎవరూ మాట్లాడటం లేదు. ఆరుగురు కూర్చున్నారు, ఆరుగురూ నిశ్శబ్దం. నాకు నచ్చింది కళ కాదు, నిజం చెప్పాలంటే. మాట్లాడక్కర్లేని చోటు దొరికిందనిపించింది. మరుసటి ఆదివారం ఒక్కణ్ణే వెళ్లాను.

అందరూ ఆమెను అక్క అనే పిలుస్తారు, నేనూ అదే. యాభై దాటి ఉంటాయి. చేతివృత్తుల కోసం పనిచేసిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో కాళహస్తిలో కలంకారీ శిక్షణ కేంద్రం మొదలయ్యేనాటికి ఈ పని తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారట. అక్క వాళ్ల నాన్న ఆ తర్వాతి తరంలో నేర్చుకున్నాడు, అక్క ఆయన దగ్గర నేర్చుకుంది. 2008లో పద్మశ్రీ అందుకున్న కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పచెట్టి గారి మాట వస్తే చేతిలో ఉన్నది కింద పెట్టి మాట్లాడుతుంది. ఇంకెవరి గురించైనా గీస్తూనే మాట్లాడుతుంది.

మొదటి రెండు నెలలు బొమ్మల్లేవు. గాడా అనే ముతక నూలు గుడ్డను గంజి పోయేలా ఉతకడం, కరక్కాయ పొడి కలిపిన బర్రెపాలలో ముంచి పిండి ఆరేయడం. పాలలో కొవ్వు ఉంటేనే సిరా అంచులు దాటి పాకదు, అందుకే బర్రెపాలు. ఆరిన గుడ్డ పసుపుపచ్చగా మారి విరిగిన పాల వాసన కొడుతుంది. ఆ వాసన చొక్కాకు పట్టి, తిరుగు బస్సులో పక్కసీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. అదీ ఒక సుఖమే. చింతపుల్లలను కుండలో మూసి కాల్చి బొగ్గు చేయడం, తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో వేసి మూడు వారాలు నానబెట్టడం. అదే నల్లసిరా. రోజూ కలియబెట్టాలి. పైన నురగ కడుతుంది. బెల్లం ఇనుముతో కలిసి కుళ్లి నలుపవుతుందని తెలిశాక, నాన్న బెల్లంగడ్డ గుర్తొచ్చి కుండ ముందు కూర్చుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

ఇక్కడే చిక్కొచ్చిపడింది. ఆ సిరా పేరు కసిం. గీసేది కలం. నానబెట్టేది కరక్కాయ. చేసేది కలంకారీ. ఊరు కాళహస్తి. మాట్లాడక్కర్లేదని వచ్చినవాడికి దొరికిన విద్యలో మూలపదాలన్నీ 'క'తోనే!

నాకు తెలిసిన విద్య ఉందిగా, అదే వాడాను. కలాన్ని "పుల్ల" అన్నాను. కసింను "నలుపు" అన్నాను. కరక్కాయను "ఆ పొడి" అన్నాను. ఒకరోజు అక్క పటిక పొడి డబ్బా అందించింది. "ఇది కాదక్కా, ఆ పొడి" అన్నాను. మంజిష్ఠ ఇచ్చింది. "ఇంకో పొడి." ఆవిడ చేతులు దులుపుకుని నా ముఖంలోకి చూసింది.

"ఏ పొడి తమ్ముడూ? దానికో పేరుంటుంది కదా."

"అదే... కాయది."

"చింతకాయా?"

అరుగు మీద అందరూ ఎదురుచూస్తున్నారు, నవ్వడం లేదు. నేను చెప్పలేక లేచి వెళ్లి నేనే డబ్బా తెచ్చుకున్నాను. అక్క ఏమీ అనలేదు. సాయంత్రం బయల్దేరేముందు మాత్రం, "నీకు నత్తి ఉండేది వచ్చిన రోజే తెలుసు. పేరు మార్చి అడిగితే నాకు పని చెడతాది. నిదానంగానే అడుగు, నేనేడికీ పోను" అంది. జాలిపడితే నేనింకో ఆదివారం వెళ్లేవాణ్ణి కాదు. పని చెడుతుందంది కాబట్టి వెళ్లాను.

కలం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. వెదురుపుల్లను సన్నగా చెక్కి, మొనకు కాస్త పైన పాత ఉన్ని గుడ్డను ఉండలా చుట్టి నూలుదారంతో బిగిస్తారు. ఉండను సిరాలో ముంచాలి. తర్వాత గీస్తున్నంతసేపూ ఆ ఉండను వేళ్లతో కొద్దికొద్దిగా నొక్కుతూ ఉండాలి. అప్పుడే సిరా పుల్ల వెంట మొనదాకా దిగుతుంది. నొక్కకపోతే గీత మధ్యలో ఎండిపోతుంది. ఎక్కువ నొక్కితే టప్పుమని చుక్క పడుతుంది. చుక్క పడితే పడినట్టే. ఉతికినా పోదు, ఉడికించినా పోదు. గీసిన వెంటనే అది పాలిపోయి కనబడుతుంది, ఇంకా తుడిచేయొచ్చులే అనిపిస్తుంది. రెండు మూడు క్షణాల్లో కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఇనుము పనిచేసి, చూస్తుండగానే నల్లబడుతుంది.

నేను వేసిన మొదటి ఇరవై గుడ్డముక్కల నిండా చుక్కలే. తుమ్మెదలు వాలినట్టుండేవి. ఒకసారి అక్క వెనకనుంచి చూసి, "ఏంది తమ్ముడూ, దాని గొంతు పిసకతా ఉండావు? అదెట్ట ఊపిరి తీసుకుంటాది?" అంది.

ఆవిడ కలం గురించే అంది. నా చెయ్యి ఆగిపోయింది. 'క' దగ్గర నా గొంతులో జరిగేది సరిగ్గా ఇదే. రాదేమోనని భయపడి ముందే బిగిస్తాను, బిగించినందుకే రాదు, రానందుకు ఇంకా బిగిస్తాను. పన్నెండేళ్ల వయసులో ఒక స్పీచ్ థెరపిస్టు "గొంతు వదులు చెయ్, మెల్లగా తాకి వదులు" అని నెలల తరబడి చెప్పింది. గొంతు కంటికి కనబడదు, ఎలా వదులు చేయాలి? ఇక్కడ బిగింపు కంటికి కనబడుతోంది, నల్లటి చుక్కగా. నా వేళ్లు తెల్లబడి ఉన్నాయి. రక్తం లేకుండా పట్టుకున్నాను ఒక వెదురుపుల్లని.

ఆ రోజు నత్తి పోయిందని రాస్తే కథ బాగుంటుంది. పోలేదు. ఇప్పటికీ ఉంది. నిన్న కూడా ఫోన్లో నా పేరు చెప్పడానికి చాలాసేపు పట్టింది. కలం పట్టు వదులు కావడానికే ఎనిమిది నెలలు పట్టింది, అదైనా రోజుకోరకంగా ఉంటుంది. ఆఫీసులో ఒత్తిడి ఉన్న వారం గీతలు కూడా బిగుసుకుంటాయి. అక్క గుడ్డ చూసి చెప్పేసేది: "ఈ వారం ఎవరో నిన్ను తిట్టినట్టుండారే."

మరుసటి ఏడు చివర్లో సొంతంగా ఒక బొమ్మ మొత్తం వేయమంది. ఊరి పేరులోనే మూడు బొమ్మలున్నాయి: శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. కొత్తవాళ్లంతా ఆ మూడే వేస్తారు. నేను కన్నప్పను వేస్తానన్నాను. అనడానికి ఎంతసేపు పట్టిందో అడక్కండి. కన్నప్ప అసలు పేరు 'తిన్నడు' అంటే సులువుగా వచ్చేసేది, ఆ పేరు నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మింగేసి 'కన్నప్ప' దగ్గరే నిలబడ్డాను. నలుగురూ పని చేసుకుంటూనే ఉన్నారు. చివరికి వచ్చింది.

కన్నప్ప అనగానే ఎవరైనా కన్ను పెకిలించే ఘట్టమే వేస్తారు. లింగం మీద కాలు పెట్టి, చేతిలో బాణం. నాకు మొదటినుంచీ ఇంకో ఘట్టం ఇష్టం. అడవినుంచి గుడికి వస్తున్నాడు. ఒక చేతిలో విల్లు, ఒక చేతిలో దొన్నెలో కాల్చిన మాంసం, జుట్టులో పూలు. అభిషేకానికి నీళ్లు కావాలి, రెండు చేతులూ ఖాళీ లేవు. అందుకని నీళ్లు నోట్లో పట్టుకొస్తున్నాడు. అంటే దారిపొడుగునా ఒక్కమాట కూడా మాట్లాడలేడు. ఎవరైనా ఎదురై "ఎక్కడికిరా?" అంటే బదులు చెప్పలేడు. నోరు తెరిస్తే నీళ్లు పోతాయి.

బొగ్గుతో వేసుకున్నప్పుడే అక్కకు బుగ్గలు తేడాగా కనబడ్డాయి. కలంకారీ ముఖాలకు ఒక పద్ధతుంది: కోల ముఖం, పెద్ద కళ్లు, చిన్న నోరు. నా కన్నప్పకు రెండు బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి.

"పన్నునొప్పా ఏంది?"

"నోట్లో నీళ్లున్నాయక్కా."

ఆవిడ కాసేపు చూసింది. బుగ్గ కింద బొగ్గు గీతను బొటనవేలితో తుడిచి, కొంచెం కిందికి మళ్లీ వేసింది. "నీళ్లుంటే కిందికి దిగుతాది బరువు. ఇట్ట" అంది. అక్కడ మార్పు అంతే. నా బొమ్మలో అక్క చెయ్యి తగిలింది ఆ వేలెడు గీత ఒక్కటే, అదే అన్నిటికంటే బాగుంది. కొంచెం కుళ్లుగానే ఉంటుంది ఇప్పటికీ.

నలుపు పూర్తయ్యాక ఎరుపు. ఎరుపు రావాల్సిన చోటల్లా పటిక నీళ్లు పూయాలి. పటికకు రంగుండదు, ఎక్కడ పూశామో కనబడాలని అందులో చిటికెడు రంగు కలుపుతారు. ఒకరోజు ఆరనిచ్చి, పారే నీళ్లలో ఉతికి, రంగునీళ్లలో ఉడికించాలి. స్వర్ణముఖిలో నీళ్లుంటే అక్కడే ఉతుకుతారు. నేను చూసిన ఏళ్లలో ఎక్కువసార్లు ఏట్లో ఇసకే ఉంది, బోరు నీళ్ల తొట్టిలో కానిచ్చాం. ఎరుపునిచ్చే చవలికొడి, మంజిష్ఠ, సురుడుచెక్క వేసి రాగి కాగులో కట్టెల మంట మీద మరిగిస్తూ, గుడ్డను కర్రతో తిప్పుతూనే ఉండాలి. పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. ఆవిరికి కళ్లు మండుతాయి.

గుడ్డ పైకి తీసేసరికి కన్నప్ప ఒళ్లంతా ఎర్రగా దిగాడు. దాంతోపాటు ఆకాశంలో, తలకు జానెడు ఎడంగా, మినపగింజంత ఎర్రటి మచ్చ. నేను పెట్టింది కాదు. ఎప్పుడో చేతినుంచి పటికచుక్క జారి పడింది, ఆరాక కనబడలేదు. ఇన్నాళ్లూ అక్కడే ఉంది.

"ఉడికితే అన్నీ బయటపడతాయి" అని అక్క నవ్వింది.

"ఏదైనా పువ్వు చేసేద్దామా?"

"చెయ్యొచ్చు. నీ ఇష్టం."

పాత నేనైతే పువ్వు చేసేవాణ్ణి. కాఫీని టీ చేసినవాణ్ణి, మచ్చను పువ్వు చేయడం ఎంతపని! ఎందుకో చేయబుద్ధి కాలేదు. గొప్ప ఆలోచనేం కాదు, అప్పటికే అలసిపోయాను, ఆ మచ్చ నాకేం అడ్డంగా అనిపించలేదు. అలాగే ఉంచేశాను. మేకపెంటికల నీళ్లలో నానబెట్టి, ఎండలో తడుపుతూ ఆరేస్తూ నేలరంగు తెల్లబరచడం, మళ్లీ పాలు పట్టించి పసుపు, నీలి వేయడం, చివరి ఉతుకు... ఇవన్నీ మామూలుగా జరిగిపోయాయి. ఈ పనిలో దశలు 17 అని ఒకరంటారు, 23 అని ఇంకొకరంటారు. అక్కను అడిగితే "లెక్కపెట్టుకుంటా కూచుంటే గుడ్డ ఎండిపోతాది" అంది.

ఇప్పుడా గుడ్డ మా ఇంట్లో, టీవీ పైన ఉంది. మా ఆవిడ ఆ మచ్చను సూర్యుడంది. చెల్లెలి కొడుకు పిట్టన్నాడు. నాన్న పండక్కి వచ్చినప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరికెళ్లి చూశాడు. మచ్చను చూడలేదు, బుగ్గల్ని చూశాడు. "వీడి నోట్లో..." అని మొదలుపెట్టి ఆపేశాడు. ఆపేశాక ఏమనుకున్నాడో నాకు తెలియదు, నేనూ అడగలేదు. కాసేపటికి "నీళ్లు కదూ" అన్నాడు. అవునన్నాను. ఆ రోజు కాఫీ తాగాం ఇద్దరం.

ఆఫీసులో కూడా ఒక చిన్న మార్పు చేసుకున్నాను. కొత్త పైఅధికారి వచ్చిన రోజు మీటింగు మొదట్లోనే "నాకు నత్తి, కొంచెం టైం పడుతుంది" అని చెప్పేశాను. సరేనన్నాడు, అంతే. పదిహేనేళ్లుగా దాచిన రహస్యం మీద అవతలివాడి స్పందన ఆ రెండక్షరాలే అయితే కొంచెం చిన్నతనంగా కూడా ఉంటుంది.

మొన్న ఫిబ్రవరిలో ఒక కాలేజీ పిల్లలు పదిహేనుమంది అక్క ఇంటికి పని చూడటానికి వచ్చారు. అక్క కాగు దగ్గర ఉంది, వదిలి రాలేదు. మంట మధ్యలో ఆగితే గుడ్డ మచ్చలు కడుతుంది. లోపలినుంచే కేకేసింది: "తమ్ముడు చెప్తాడు, అడగండి!"

గుండె దడదడలాడింది. అది మాత్రం మారలేదు. ఒక అబ్బాయి నా పక్కన కుండలోకి తొంగిచూసి ముక్కు మూసుకుని, "ఇదేంటి సార్?" అన్నాడు.

'నలుపు' అనే మాట నోటిదాకా వచ్చింది. వద్దనుకున్నాను. ఖాళీ చేతులతో నిలబడలేక కలం తీసుకుని ముంచి, ఒళ్లో ఉన్న గుడ్డ మీద ఒక గీత మొదలుపెట్టాను, మాట కూడా అప్పుడే మొదలుపెట్టాను. 'క' దగ్గర ఆగింది. కళ్లు మూసుకోబోయి, గీత వంకర పోతుందని తెరిచే ఉంచాను. ఉండను మెల్లగా నొక్కుతున్నాను. గీత సాగుతోంది, పాలిపోయి, ఉందా లేదా అన్నట్టు. మాట ఇంకా అక్కడే ఉంది. పిల్లలు తలలు వంచారు. మొదట గీసిన కొసనుంచి నలుపు ఎక్కడం మొదలైంది, నా చేతి వెనకాలే వస్తున్నట్టుగా.

"క... క... కసిం" అన్నాను.

"ఇంకోసారి గీయండి సార్, నాకు కనబడలేదు" అంది వెనక నిలబడ్డ అమ్మాయి.